మంగళవారం బకెట్టు

ఈస్టర్ సోమవారం వస్తే మా బాయా ఊరి మగాళ్లకు పిచ్చి పడుతుంది. సెంటు సీసాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. ఓ పద్యం చదివి, పువ్వు వాడిపోకుండా నీళ్లు పోయొచ్చా అని అడిగి, ఆడపిల్ల నెత్తిన ఆ సెంటు చల్లి, రంగేసిన గుడ్డు పుచ్చుకుని పోతారు. ఆడది పువ్వట, మగాడు తోటమాలట. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు క్యూ అంతా చెంగె ఇంటి ముందే. యూరప్ కరాటే పోటీల్లో పతకం కొట్టుకొచ్చింది మరి. పాల డబ్బా మీద ఆమె మొహమే, బస్టాపులో ఆమె మొహమే. మర్నాడు మధ్యాహ్నం రైలుకి బుడాపెస్ట్ వెళ్లిపోతోంది, జాతీయ జట్టుతో అక్కడే ఉండిపోవడానికి.

నేను వెళ్లలేదు. నా పేరు ఆకోష్, సైకిళ్లు బాగుచేస్తాను. చిన్నప్పటినుంచి ప్రాక్టీసులో ఆమె తన్నులన్నీ తిన్నది నేనే.

మంగళవారం పొద్దున కొట్టు తెరిచేసరికి ఎదురుగా చెంగె, చేతిలో నిండు బకెట్టు. వెనక వాళ్లమ్మ ఇల్కా అత్త, ఎందుకో భుజాన తువ్వాలు.

"నిన్నెందుకు రాలేదురా?"

"నీలాంటిదాన్ని నేను నీళ్లు పోసి బతికించాలా? నాకో సిద్ధాంతం ఉంది."

"మేయరొచ్చాడు. పళ్ల డాక్టరొచ్చాడు. ముసలి పోస్టుమాన్ పద్యం సగంలో మర్చిపోయి మళ్లీ మొదలెట్టాడు. ఆ సెంట్ల కంపుకి మా కుక్క కూడా నా దగ్గరికి రాలేదు. ఊరంతా వచ్చి నువ్వొక్కడివే రాకపోతే ఏమనుకోవాలి? సిద్ధాంతమా, భయమా?"

"ఊరికి కావలసింది పాల డబ్బా మీది మొహం. ఆ క్యూలో నేనూ ఒకణ్ణి కావాలా?"

"క్యూలో ఎవడు నిలబడమన్నాడు? పెరటి తలుపు గడియ నిన్న పొద్దుణ్ణించీ తీసే ఉంచాను."

నేను గడప దాటి బయటికొచ్చాను.

"ఇవాళ మంగళవారం, ఆడవాళ్ల వంతు." బకెట్టు ఎత్తింది. "అడ్డుకో చూద్దాం. నా దెబ్బలన్నీ నీకు తెలుసుగా."

తెలుసు. ఎడమ భుజం కదిలితే కుడి కాలొస్తుంది. బకెట్టు ఎటునుంచి వస్తుందో కూడా తెలుసు. చేతులు కిందికి దించేశాను.

నీళ్లు ఎముకలు కొరికాయి. ఎదురు కొట్టులో బ్రెడ్డు అమ్మే ఆవిడ చప్పట్లు కొట్టింది.

"పద్యం చదవకుండా పోశావు" అన్నాను పళ్లు టకటకలాడుతుంటే.

"అయితే నువ్వు చదువు."

"నాకు పద్యాలు రావు. నువ్వంటే ఇష్టం. డబ్బా మీద ఉన్నదంటే కాదు, నా పక్కటెముక విరగ్గొట్టినదంటే."

చెంగె జేబులోంచి ఎర్ర గుడ్డు తీసింది. మావైపు ఆడపిల్ల ఎర్రది ఒక్కడికే ఇస్తుంది.

"నిన్నటిది. మేయరడిగినా ఇవ్వలేదు" అంది. "బుడాపెస్ట్‌లో సైకిళ్లు చెడిపోవా ఏంటి?"

నేను జవాబు చెప్పేలోపే తువ్వాలు వచ్చి నా మొహాన పడింది.

"తొందరగా తుడుచుకో అల్లుడూ" అంది ఇల్కా అత్త. "మళ్లీ రైలు తప్పిపోతుంది."