ఎస్పెన్ క్యాసెట్లు ఎవరు కొన్నారు?

బెర్గెన్‌లో ఆ రోజు కూడా వానే. పాత రికార్డులమ్మే ఓడ్‌వార్ కొట్లో, కింది అరలో మిగిలిన ఒకే ఒక్క క్యాసెట్టు మీద రెండు చేతులు ఒకేసారి పడ్డాయి.

"హలో, ముందు నేను పట్టుకున్నాను," అంది అమ్మాయి. నీలం రెయిన్‌కోటు, ముక్కు చివర వేలాడుతున్న నీటిచుక్క.

"దీన్ని కొనకండి. బాగుండదు," అన్నాడు ఎస్పెన్.

"మీరు విన్నారా?"

"విన్నాను, నా ఖర్మ. చాలాసార్లు."

"బాగోకపోతే అన్నిసార్లు ఎందుకు విన్నారో?"

ఎస్పెన్ అట్ట మీద చేతిరాత వైపు చూశాడు. ఆ క్యాసెట్టులో గొంతు అతనిదే. పగలంతా టైర్లు మార్చే షెడ్డులో పని, సాయంత్రం అద్దెగదిలో ర్యాప్. బీటు తనే కట్టుకుని, పాట తనే రాసుకుని, ఇరవై క్యాసెట్లు ఒక్కొక్కటిగా ఎక్కించి, అట్ట మీద చేత్తో 'ఉప్పుగాలి' అని రాసి, ఈ కొట్లో అమ్మకానికి పెట్టాడు. తన పేరు మాత్రం రాసుకోలేదు.

ఇదివరకు పాటల్లో తోడుగా యోర్న్ ఉండేవాడు. "నీ దీవి యాసతో పైకి రాలేంరా," అని చెప్పి ఓస్లో వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఎస్పెన్‌తో టైర్ల గురించి తప్ప మాట్లాడిన మనిషి లేడు. ఇవాళ అమ్ముడుపోని క్యాసెట్లన్నీ వెనక్కి తీసుకుని, అన్నీ మానేద్దామనే వచ్చాడు.

"వాడి యాస విన్నారా? వలలు బాగుచేసుకునేవాళ్ళ భాష. ర్యాపుకి పనికొచ్చేదేనా అది?" అన్నాడు, ఏమంటుందో చూద్దామని.

ఆమె కళ్ళెర్రజేసింది. "మా అమ్మమ్మదీ ఆ యాసే. నచ్చకపోతే చెవుల్లో దూది పెట్టుకోండి!"

డబ్బిచ్చేసి విసురుగా వెళ్ళింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "అంత అసూయ ఆరోగ్యానికి మంచిది కాదండీ."

ఆ సాయంత్రం ట్రామ్‌లో ఎస్పెన్ తనలో తనే నవ్వుకుంటుంటే పక్కావిడ లేచి వేరే సీట్లో కూర్చుంది. అతనికి పట్టలేదు. ఇరవై క్యాసెట్లూ అమ్ముడుపోయాయి! అంటే ఇరవై ఇళ్ళలో ఇరవై మంది. ఒక నర్సు, ఒక వడ్రంగి, పరీక్షలకి చదువుకునే కుర్రాడెవడో... అందరూ వచ్చి తన గదిలో కూర్చున్నట్టే అనిపించింది. మానేద్దామనుకున్నవాడు రెండో క్యాసెట్టు మొదలుపెట్టాడు.

మూడు వారాల తర్వాత ఆ మాట ఓడ్‌వార్‌తో అంటే, ముసలాయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఇరవై మందేంట్రా అబ్బాయ్? అన్నీ ఆ నీలం రెయిన్‌కోటు పిల్లే కొంది. వచ్చినప్పుడల్లా ఒకటో రెండో పట్టుకుపోయేది. తీరిల్ అని, దీవులకెళ్ళే పడవలో టిక్కెట్లు చూస్తుంది. నీకు తెలిసిన పిల్లే అనుకున్నాను."

నర్సూ వడ్రంగీ అందరూ ఒక్కసారే లేచి గదిలోంచి వెళ్ళిపోయారు.

ఎస్పెన్ తిన్నగా రేవుకెళ్ళాడు. తీరిల్ పడవ తాడు విప్పుతోంది.

"జాలిపడి కొన్నావా?"

"ఏమిటి?"

"నా క్యాసెట్లు. ఇరవై. యోర్న్‌గాడు పంపాడా నిన్ను?"

ఆమె చేతిలో తాడు ఆగిపోయింది. "ఆ గొంతు... నీదా?"

"నవ్వుకోవడానికి ఒకటి చాలదా? ఇరవై కావాలా?"

"ఒక్క నిమిషం, నన్ను చెప్పనీ..."

"ఏం వద్దు."

పడవ హారన్ కొట్టింది. తీరిల్ మొహం ఎర్రబడింది. "పాటలో అంత మెత్తగా ఉంటావు. మనిషివి మాత్రం ఇంత మొండివాడివా?" అని పడవలోకి దూకేసింది.

తొలి మంచు పడింది. అందరికీ ఒకేసారి మంచు టైర్లు కావాలి. షెడ్డులో ఎస్పెన్ పేరు ఎవరూ పిలవలేదు, కారు నంబర్లే పిలిచారు. ఇంటికొచ్చి మైకు పెట్టుకుంటే మాట రాలేదు. ఎవరికి చెప్పాలి? గంటసేపు కిటికీ మీద గాలి చప్పుడు మాత్రం రికార్డయింది. అది తిరిగి వింటుంటే తెలిసింది, పోయింది ఇరవై మంది కాదని. నిజంగా ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషినే రేవులో నిలబెట్టి తిట్టి వచ్చాడు.

ఆదివారం పడవెక్కాడు.

"ఎక్కడికి?" తీరిల్ టిక్కెట్ మిషన్‌నే చూస్తోంది.

"చివరి రేవు దాకా."

"అక్కడేమీ లేదు."

"తెలుసు."

ఆమె టిక్కెట్టిచ్చి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ వైపు రాలేదు.

మూడో రేవులో ఒక తుప్పుపట్టిన వ్యాను ఆగి ఉంది. కిటికీ అద్దం దించి ఉంది. గాలికి ముక్కలు ముక్కలుగా ఒక గొంతు వినిపించింది. ఎస్పెన్ లేచి నిలబడ్డాడు. తన గొంతే! స్టీరింగు వెనక డెబ్భై ఏళ్ళ ముసలమ్మ తలూపుతూ వింటోంది.

తీరిల్ పార్సిల్ అందించింది.

"ఏమే పిల్లా, ఆ అబ్బాయి ఇంకోటి చేశాడా?" అని అరిచింది ముసలమ్మ.

"ఏమో మామ్మా, అడగాలి."

పడవ కదిలాక తీరిల్ వచ్చి రెయిలింగ్ దగ్గర నిలబడింది, కొంచెం దూరంగా. "ఇక్కడివన్నీ పాత బళ్ళు. క్యాసెట్టు తప్ప ఇంకేదీ పట్టదు వీటికి. నేను వింటుంటే ఆ వ్యాను మామ్మ అడిగింది. తర్వాత పక్క దీవివాళ్ళు. అడిగినవాళ్ళకల్లా తెచ్చిచ్చాను. నాది కూడా ఇచ్చేశాను. చివరిదొక్కటే నాకోసం కొనుక్కున్నాను."

"ఆ రోజే చెప్పుండొచ్చుగా?"

"చెప్పనిచ్చావా?"

ఎస్పెన్ తల దించుకున్నాడు.

"రోజూ ఎంతమందినో చూస్తాను," అంది తీరిల్. "అందరూ థాంక్స్ అంటారు. ఎవరూ మాట్లాడరు. ఇంటికెళ్ళాక నాతో మాట్లాడేది ఆ గొంతొక్కటే. అదే వచ్చి నన్ను తిట్టింది. ఏడ్చాను, తెలుసా?"

"నాకు సరిగ్గా మాట్లాడ్డం రాదు తీరిల్. రాసుకుని చెప్పడమే వచ్చు."

"రాసుకోకుండా చెప్పు."

అతను సముద్రం వైపు చూశాడు. ఒక్క బీటూ తోడు రాలేదు. "తప్పు నాదే. నువ్వంటే నాకిష్టం."

"ప్రాస కుదర్లేదు," అంది తీరిల్.

"కుదర్లేదు."

"పర్లేదు. ఇంకోసారి చెప్పు."

చివరి రేవులో దిగేవాళ్ళూ లేరు, ఎక్కేవాళ్ళూ లేరు. పడవ అక్కడ అరగంట ఆగింది. ఆ అరగంటా ఇద్దరూ ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.