ఇంటికో ఎర్త్ వైరు

“కళ్ళు మూసుకోండమ్మా. ముందు మీవారిది పంపిస్తున్నాను,” అంది డాక్టర్ ఇందుమతి.

సత్యవేణి కళ్ళు మూసుకుంది. చెవి వెనక అతికించిన బటన్ సన్నగా వణికింది. మరుక్షణం తనవి కాని ఆలోచనలు ముసురుకున్నాయి. ఫ్యాక్టరీ మూతపడితే ఎలా, మళ్ళీ తుఫానొస్తే ఇల్లు నిలుస్తుందా... భర్త వీర్రాజు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న భయమంతా ఆమెలోకి దిగిపోయింది. పక్క కుర్చీలో వీర్రాజు హాయిగా ఒళ్ళు విరుచుకుని, “ఆకలేస్తోందే,” అన్నాడు.

అప్పటికి కాకినాడలో ఏ వీధి చూసినా ఇదే గోడు. తుఫాను వెనక తుఫాను. సముద్రం ఊళ్ళోకి వచ్చేస్తోంది, పనులు పోతున్నాయి, జనం నిద్ర మరిచిపోయారు. అప్పుడే ఇందుమతి ఈ బటన్ కనిపెట్టింది. మెదడులో భయం సిగ్నల్ లేచిన క్షణమే ఇది పట్టేస్తుంది. దాన్ని చెరిపేద్దామని చూస్తే మనుషులు మూర్ఛపోయారు. అందుకని ఇంకెక్కడికైనా పంపాలి, కరెంటుకి ఎర్త్ ఉన్నట్టే. ఇంట్లో అందరికీ చెవి వెనక బటన్ ఉంటుంది, ఒకరు మాత్రం ఎర్త్.

“వారానికొకరు చొప్పున వంతులేసుకోండి. మోయలేకపోతే బటన్ గట్టిగా నొక్కండి. ఎవరి భయం వాళ్ళకి వెళ్ళిపోతుంది,” అంది ఇందుమతి.

పాపం, పెద్ద చదువే చదివింది గానీ మన ఇళ్ళ సంగతి మరిచిపోయింది. మాడిన అట్టు ఎవరి కంచంలో పడాలో మన ఇళ్ళలో ఏనాడైనా వంతులేసుకున్నారా?

వారం గడిచాక కొడుకు లోవరాజు అడిగాడు. “ఈ వారం నేను మోస్తానమ్మా.”

“నీకు ఇంటర్వ్యూలున్నాయి కదరా. నాకేం, ఇంట్లో ఉండేదాన్ని.”

ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అమ్మ ఏమైపోతుందో అన్న బెంగ కూడా బటన్ గుండా అమ్మకే పోయింది మరి.

ఇల్లు కళకళలాడింది. లోవరాజుకి పని దొరికింది. ఫ్యాక్టరీ మూతపడిన రోజున వీర్రాజు కాజాలు కొనుక్కొచ్చాడు, కూనిరాగం తీసుకుంటూ. సత్యవేణికి మాత్రం ముద్ద దిగదు, కన్ను మూతపడదు.

ఒక సాయంత్రం వరండాలో బెండకాయలు తరుగుతుంటే ఎడమచెయ్యి లాగేసింది. గుండెమీద ఎవరో రోలు పెట్టినట్టయింది.

“ఏవండీ... ఊపిరాడ్డం లేదు.”

వీర్రాజు వచ్చి, చెమటతో తడిసిన ఆమె ముఖం, నల్లబడ్డ పెదాలు చూశాడు. అంతే, ఆమెలోకి భయం వరదలా వచ్చిపడింది. అది ఆమెది కాదు, ఆయనది. వేణి పోతే నేనెలా బతకను, అన్న భయం. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడూ నోటితో అనని మాట. నేనంటే ఇంత ప్రాణమా ఈ మనిషికి, అని ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“గ్యాస్ అయ్యుంటుంది. వాము నమిలితే పోతుందిలే,” అంటూ వీర్రాజు తాపీగా వంటింట్లోకి నడిచాడు.

ఆమె వేలు చెవి వెనక్కి వెళ్ళింది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఆయన గుండెలు బాదుకుంటూ ఆటో కోసం పరిగెడతాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆ భయం ఎంత బరువో కూడా ఆమెకొక్కదానికే తెలుసు. ఇంతది ఆయన తట్టుకోలేడు, ఇప్పుడిప్పుడే కదా నవ్వుతున్నాడు, కాసేపు చూద్దాం తగ్గుతుందేమో, అనుకుంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

“ఏమే, వాము ఏ డబ్బాలో పెట్టావ్?” వంటింట్లోంచి కేకేశాడు వీర్రాజు.

జవాబు రాలేదు. రాలేదని ఆయనకి కంగారూ పుట్టలేదు. ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూస్తూ, కూనిరాగం అందుకున్నాడు.