మూడో యాప్ పెట్టిన బొట్టు

జువ్వలదిన్నెలో తెల్లవారి వెలుగు బాగుంటుందని స్వర్ణ పొద్దున్నే అత్త మస్తానమ్మను వాకిట్లో కూర్చోబెట్టి, చేతికి రొయ్యల పచ్చడి జాడీ ఇచ్చి ఫోటో తీసింది. పచ్చడి అత్తది, దాన్ని ఫోన్లో అమ్మిపెట్టే చానెల్ కోడలిది. కొత్త సీసాల మీద అత్త మొహమే ఉండాలని స్వర్ణ పట్టు.

ఫోటోకు మెరుగు పెట్టడానికి మూడు ఏఐ యాప్‌లు ప్రయత్నించింది. మొదటిది జాడీ పట్టుకున్న చేతికి ఆరో వేలు మొలిపించింది. రెండోది అత్తను తెల్లగా తోమి సినిమా హీరోయిన్‌ని చేసిపెట్టింది.

"ఎవురమ్మే ఈమె? మన వాకిట్లో కూసోనుంది!" అని మస్తానమ్మ పడీ పడీ నవ్వింది.

మూడోది మాత్రం, అబ్బ, ముడతలూ నెరిసిన జుట్టూ ఉన్నవి ఉన్నట్టే ఉంచి వెలుగు సరిచేసింది. స్వర్ణ సంబరపడిపోయి, ఇంకోసారి చూడనైనా చూడకుండా చానెల్లో పెట్టేసి వంటపనిలో పడింది. అక్కడే వచ్చింది తంటా.

మధ్యాహ్నం హార్బర్ నుంచి మొగుడు చిన్నబాబు ఫోన్ పట్టుకుని చిందులు తొక్కుతూ వచ్చాడు.

"మే స్వర్ణా! బుద్ధుండే చేసినావా ఇది? మా అమ్మ నుదుటన బొట్టేంది? నాయన పోయి రెండేళ్లు గూడా కాలేదే! హార్బర్లో అందరూ నన్నే అడగతా ఉండారు!"

స్వర్ణ ఫోన్లోకి తొంగి చూసింది. నిజమే, నుదుటి మధ్య ఎర్రగా, నిండుగా బొట్టు. ఆ యాప్‌కేం తెలుసు పాపం, ఆడమనిషి నుదురు ఖాళీగా కనిపిస్తే తనే నింపేసింది.

"నేను పెట్టలేదయ్యా, అదే పెట్టింది. చూసుకోలా. ఇప్పుడే తీసేస్తా."

"ఫోటో ఒకటేంది, ఆ చానెలే తీసెయ్! ఇంక ఈ ఇంట్లో ఆ పనే వద్దు."

పెళ్లయి వచ్చాక స్వర్ణ తనదంటూ చేసుకున్నది ఆ ఒక్క పనే. అంతకన్నా, నవ్వుతూ కూర్చున్న పెద్దమనిషిని పదిమందిలో అల్లరిపాలు చేశానే అన్నదే ఆమె బాధ.

"ఆ ఫోను ఇట్టియ్యిరా" అంది మస్తానమ్మ గడప దగ్గర్నుంచి.

చాలాసేపు చూసింది. బొమ్మలోని బొట్టును వేలితో మెల్లగా తడిమింది. కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి. స్వర్ణ ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"తప్పయిపోయింది అత్తా!"

"నువ్వేం తప్పు చేసినావే? ఒరే చిన్నా, మీ నాయన పోయినప్పుడు అందరూ చేరి నా బొట్టు తుడిచేసినారు. చిన్నబిడ్డగా ఉన్నప్పట్నించీ పెట్టుకున్నానురా, మీ నాయన తెచ్చింది కాదది. ఉంచుకుంటావా, తీసేస్తావా అని ఒక్కరన్నా నన్ను అడిగినారా? నువ్వడిగినావా?"

చిన్నబాబు తల దించుకుని లోపలికి నడిచాడు.

స్వర్ణ కొంగుతో అత్త కళ్లు తుడిచింది. భయపడుతూనే, "పెట్టమంటావా అత్తా?" అంది.

మస్తానమ్మ కోడలి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "నీ కడుపు చల్లగుండ! అడిగినావు గదా తల్లీ. పెట్టు."

ఇలాంటి అత్తను ఇచ్చినందుకు ఏ దేవుడికి దండం పెట్టాలో స్వర్ణకు తెలియలేదు. కుంకుమ భరిణె కోసం లేవబోయింది. అప్పటికే చిన్నబాబు దాన్ని తెచ్చి, మూత తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆ ఫోటో అట్నే ఉండనీ, స్వర్ణా" అన్నాడు.