మొదటి గుండు ఉస్తాది

ఇజ్మీర్ రేవులో కస్టమ్స్ గుమాస్తా ఒకడు టీ గ్లాసు పెదవుల దాకా ఎత్తి ఆగిపోయాడు. చప్పుడు లేదు, మందుగుండు వాసన లేదు, మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. పక్క బల్ల వాళ్లు గుండెపోటు అనుకున్నారు. డాక్టరు ఆ మెడలోంచి సూదంత బాణం బయటికి తీసేదాకా పోలీసులూ అలాగే అనుకున్నారు.

మూడు వారాల తర్వాత అంకారాలో, బోర్డు లేని ఒక ఆఫీసులో, పై అధికారి సాబ్రి బే ఆ బాణాన్ని గాజు సీసాలో పెట్టి ఏజెంట్ నెజాత్ ముందుకు తోశాడు.

"గాలి తుపాకి. సిలిండర్లో కుక్కిన గాలి చాలు దానికి. విషాలు అమ్ముకునే విదేశీ ముఠా పని. ఈసారి గురి ప్రాసిక్యూటర్ హాలిదె హనుమ్. వాళ్ల కేసు ఆవిడ చేతిలో ఉంది."

"ఎక్కడ?"

"చామ్‌కుయులో, తుపాకీ పోటీల దగ్గర. ఆవిడ సొంతూరు. ఏటా కప్పు ఆవిడే ఇస్తుంది. రావద్దంటే వినలేదు."

"కాల్చేవాడు?"

"ఎవడో తెలీదు, ఎక్కడ కూర్చుంటాడో తెలీదు. వాడి తుపాకి గాలి కారుతోందని మాత్రం తెలుసు. మంచి మేస్త్రీ కోసం వెతుకుతున్నారు."

నెజాత్‌కు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. గూఢచారి కాకముందు పదకొండేళ్లు వాల్వులు అరగదీసిన చెయ్యి అతనిది. ముఠాలో మన మనిషి ఒకామె ఉందని, పేరు మెహ్లికా అని, తుపాకిని బాగుకు ఆమే తెస్తుందని సాబ్రి బే చెప్పాడు. నెజాత్ చెయ్యాల్సిందల్లా గాలి కొలిచే మీటర్లో మినపగింజంత ట్రాన్స్‌మిటర్ దాచి పంపడం. తుపాకి ఎక్కడికి చేరితే మన మనుషులు అక్కడికి చేరతారు.

చామ్‌కుయు గాలి తుపాకులు చేసే ఊరు, ఇంటికొక లేత్ మిషను ఉంటుంది. నెజాత్ నెరిసిన గడ్డం, దళసరి కళ్లద్దాలు తగిలించుకుని, చెరువు వైపు వీధిలో కొట్టు పెట్టాడు. పోటీలకు ముందురోజు మధ్యాహ్నం మెహ్లికా వచ్చింది. నల్లద్దాలు, ఎర్రటి గోళ్లు, వీధి వీధంతా తల తిప్పి చూసేంత అందం. వెనకాల కారులో ఇద్దరు మనుషులు.

"వాషరు పాతదా?" అన్నాడు నెజాత్.

"కాదు, వానలో తడిసింది," అంది ఆమె. కోడ్ కలిసింది.

అతను తుపాకిని నీళ్ల తొట్టిలో ముంచాడు. గొట్టం మూతి నుంచి బుడగలు వచ్చాయి. అంటే బయట వాషర్లు బాగానే ఉన్నాయి, లోపలి వాల్వే సరిగ్గా మూసుకోవడం లేదు. వాల్వు విప్పి, అది ఆనుకునే సీటు నునుపు చేసి, కొత్త మీటరు బిగించి, పనిముట్టు కోసం అటు తిరిగాడు. తిరిగి చూసేసరికి మెహ్లికా ఆ మీటరు ఊడదీసి తన పర్సులో వేసుకుంటోంది.

"ఇది వద్దు ఉస్తా. వాళ్లు వెతుకుతారు, దొరికిపోతాం. నేను తెచ్చింది పెట్టు."

నెజాత్ వెర్రిబాగులవాడిలా తలూపి ఆమె తెచ్చిన మీటరు బిగించాడు. కానీ నిజంగా మన మనిషైతే ఆ మీటరు తీయదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. ఇంతలో కారులోని ఇద్దరూ లోపలికొచ్చి, జాగ్రత్త కోసమంటూ అతని ఫోను తీసుకుని గుమ్మంలో కూర్చున్నారు. కాదంటే తను చస్తాడు, తుపాకి ఇంకో కొట్టుకు పోతుంది. హాలిదె హనుమ్ ప్రాణం ఇక తన చేతిలో ఉన్న ఈ ఇనుప ముక్కల మీదే ఆధారపడి ఉందని అతనికి అర్థమైంది. చాలా భయమేసింది.

శుభ్రం చేస్తానని రెగ్యులేటరు విప్పాడు. పంట కాలవకు తూము ఎలాగో, తుపాకిలో గాలికి రెగ్యులేటరు అలాగ. సిలిండర్లోని గాలిని కావలసినంత వాల్వు వెనక్కి వదిలి మూసుకుంటుంది. నెజాత్ దాని సీటు మీద సూదిమొనతో వెంట్రుకంత గీత గీశాడు. ఇక అది పూర్తిగా మూసుకోదు. వెంటవెంటనే కాలిస్తే తేడా తెలియదు. అదే ఓ ఇరవై నిమిషాలు కదలకుండా ఉంచితే, కారిన గాలి వాల్వు వెనక పేరుకుని, తుపాకిలోని సుత్తి దెబ్బకు వాల్వు తెరుచుకోనంతగా బిగిసిపోతుంది. మొదటి గుండు చచ్చుగా పడుతుంది. అక్కడితో ఒత్తిడి దిగిపోతుంది కాబట్టి రెండో గుండు మాత్రం తిన్నగా వెళ్లి చంపుతుంది.

చామ్‌కుయులో ఈ సంగతి అందరికీ తెలుసు. ఎంత మంచి తుపాకి అయినా, కాసేపు పక్కన పెడితే మొదటి గుండు మట్టిలోకి కాల్చేస్తారు. దాన్ని ఉస్తా వాటా, అంటే మేస్త్రీకి చెందే వాటా, అంటారు. మెహ్లికా అంకారాలో పుట్టి పెరిగింది. వేగం కొలిచే పెట్టె ముందు వరసగా పది గుళ్లు కాల్చి చూసింది. పదీ ఒకే వేగం.

"నీ చేతికి బంగారు కడియం చేయించాలి ఉస్తా," అంది.

తెల్లవారి పోటీలు మొదలయ్యే వేళకు ఆ ఇద్దరూ అతన్ని వదిలేశారు, ఫోను మాత్రం తిరిగివ్వలేదు. మెహ్లికా పర్సులో వేసుకున్న ట్రాన్స్‌మిటరును అప్పటికే కోన్యా వెళ్లే మినీబస్సులో పడేసింది, మన మనుషులంతా దాని వెంట పడిపోయారు. నెజాత్ ఒంటరివాడయ్యాడు. గోల చేస్తే హంతకుడు తప్పుకుని, బాగున్న ఇంకో తుపాకితో మళ్లీ వస్తాడు.

పదకొండింటి దాకా పోటీలు. రెండొందల తుపాకులు టపటపమన్నాయి. ఆ గోలలోనే, ఎక్కడో ఒక కిటికీలోంచి, హంతకుడు కూడా గురి సరిచూసుకుని ఉంటాడు. పదకొండుకు గంట కొట్టారు. అక్కణ్ణుంచి ఇరవై నిమిషాల లెక్క. వేదిక మీద హాలిదె హనుమ్ కుర్చీలో ఉంది కాబట్టి బల్లల మధ్య మరుగు. మేయరు ఉపన్యాసం అయ్యాక కప్పు ఇవ్వడానికి లేచినప్పుడే ఎవరికైనా గురి దొరికేది. ఏటా మేయరు నలభై నిమిషాలకు తక్కువ మాట్లాడడు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. తొమ్మిది నిమిషాలకే మేయరు కాగితాలు మడిచి, "ఇక టూకీగా ముగిస్తాను," అన్నాడు. జనం బతికాంరా దేవుడా అన్నట్టు చప్పట్లు కొట్టారు. హాలిదె హనుమ్ కుర్చీ చేతుల మీద చెయ్యి ఆనించింది.

నెజాత్ మైదానం పక్కన వేసుకున్న రిపేరు బల్ల దగ్గర నుంచే గొంతెత్తాడు. "మేయర్ బే, మంచినీళ్ల పైపుల సంగతి చెప్పనేలేదు."

మేయరు ముఖం వికసించింది. కాగితాలు మళ్లీ తెరుచుకున్నాయి. నెజాత్ వెనక ఉన్న ముసలామె పళ్లు నూరింది. "నీ నోట్లో మన్ను పడ. ఎండకి చస్తున్నాం కనబళ్లేదూ? పైపులు కావాలా నీకు?"

పైపులయ్యాయి, రోడ్లయ్యాయి, గొర్రెల మందులయ్యాయి. ఇరవై ఆరో నిమిషానికి మేయరు దిగాడు. హాలిదె హనుమ్ లేచి కప్పు అందుకుంది.

టక్.

తడిసిన తలుపు మూసినట్టు చిన్న చప్పుడు. వేదికకు మూడు బారల ముందు, మట్టిలో, సూదంత బాణం పడింది. జనంలో ఒక్కరూ చూడలేదు. ప్రెస్ బిళ్ల తగిలించుకుని ముందు వరసలో నిలబడిన మెహ్లికా మాత్రం తలెత్తి రొట్టెల కొట్టు పైకప్పు కేసి చూసింది. రెప్పపాటే. నెజాత్ ఆమె చూపు వెంట చూశాడు. పావురాల గూడు, దాని కంతలో అద్దం మెరుపు.

రెండో బాణం ఎక్కించడానికి నాలుగు సెకన్లు. ఈసారి గురి తప్పదు, ఆ తుపాకి బాగు చేసింది తనే. నెజాత్ బల్ల మీదున్న తుపాకి లాక్కున్నాడు. మేయరు దిగుతుండగానే దాని ఉస్తా వాటా మట్టిలోకి వదిలి ఉంచాడు. మూడు సెకన్లు. ఊపిరి బిగబట్టాడు. కాల్చాడు.

పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. అద్దం పగిలింది, ఎవడో కేక పెట్టాడు, పొడుగాటి తుపాకి పెంకుల మీద జారుకుంటూ వచ్చి రొట్టెల బుట్టలో పడింది. హాలిదె హనుమ్ కప్పు కిందపెట్టి, వేదిక దిగి, మట్టిలోని బాణాన్ని చేతిరుమాలుతో ఎత్తింది. నెజాత్ చెప్పిన నంబరు పట్టుకుని, మెహ్లికా కారును ఊరి పొలిమేరలో ఇద్దరు ట్రాఫిక్ కానిస్టేబుళ్లు ఆపారు. మన మనుషులు అప్పటికింకా మినీబస్సు వెనకాలే ఉన్నారు.

సాయంత్రం హాలిదె హనుమ్ కొట్టుకు వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. "తమ్ముడూ, నాకు ఇంకో పుట్టుక ఇచ్చావు," అని వెళ్లిపోయింది.

అసలు సంగతి రహస్యం కాబట్టి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ముగుస్తున్న మేయర్ని మళ్లీ మొదలుపెట్టించిన మనిషిగానే చామ్‌కుయు నెజాత్‌ను గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాత అతను ఆ ఊళ్లో ఉన్న మూడు రోజులూ అతనికి ఎవరూ టీ అమ్మలేదు.