నాచారం క్లైమాక్సు

ఆ శనివారం పొద్దున సురేష్ ఇంట్లో ఉప్మా మాడిపోయింది. పొయ్యి మీద పెట్టింది గౌతమే అయినా మాడ్చింది మాత్రం సినిమా. ఇంట్లో అందరి చెవులూ ప్రజ్ఞ ఫోను మీద ఉంటే గరిటె పట్టుకునేదెవరు?

ప్రజ్ఞ సురేష్, గౌతమిల ఒక్కగానొక్క కూతురు. ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది కానీ, కాలేజీలో కన్నా సినిమాల మీద వీడియోలు చేయడంలోనే హాజరు ఎక్కువ. ఆ రోజు ఉప్పల్ మల్టీప్లెక్సులో పదకొండున్నర ఆటకు 'దూరపు నేల' మళ్లీ విడుదలవుతోంది. నలభై ఏళ్ల కిందటి అంతరిక్షం సినిమా. ప్రింట్లన్నీ పాడైపోయాయని అందరూ ఆశ వదులుకున్నాక, మద్రాసులో ఏదో ల్యాబు గదిలో నెగెటివ్ బయటపడింది. టీవీలో కూడా ఒక్కసారైనా రాలేదు కాబట్టి, అప్పట్లో చూసినవాళ్లు ఏం చెబితే అదే ఇన్నాళ్లూ నిజంగా చలామణి అయింది.

ట్రైలర్ కింద కామెంట్లలో జనం కొట్టుకుంటున్నారు. ప్రజ్ఞ ఒక్కొక్కటే చదివి వినిపిస్తోంది. థర్మాకోల్ రాకెట్టును చూసి నవ్వాపుకోలేకపోయానని ఒకాయన రాస్తే, దాని ముందు ఇప్పటి గ్రాఫిక్సు దిగదుడుపేనని ఇంకొకావిడ జవాబిచ్చింది. పాటల్లేని సినిమా క్లాసులో పాఠంలా ఉందని ఒకరు, ఆ నిశ్శబ్దంలోనే సినిమా ప్రాణముందని మరొకరు. అసలు యుద్ధం మాత్రం క్లైమాక్సు మీద. ఎక్కడో దూరపు గ్రహం మీద చిక్కుకుపోయిన కెప్టెన్ చివరికి ఇంటికొచ్చి తలుపు తడతాడు, భార్య తీస్తుంది. గుండె నిండిపోయిందని సగం మంది. అంత గొప్ప సినిమాను ఆ తలుపుతో చప్పగా చేశారని మిగతా సగం.

"తలుపు లేదు, ఏం లేదు," అంది సారలమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. సురేష్ తల్లి, అరవై దాటిన మనిషి. "ఆయన ఇంటికి రాడు. ఎర్రమట్టి మీద ఒక్కడే నిలవడి చెయ్యూపుతడు. రాకెట్ ఎల్లిపోతది. గంతే, శుభం."

అందరూ నవ్వారు. ఇది ఆ ఇంట్లో సురేష్ కన్నా పాత జోకు. పెళ్లయిన కొత్తలో సారలమ్మ తన జీవితంలో మొదటిసారి చూసిన సినిమా అది. చివర్లో నిద్రపోయి, తనకు తోచిన కథ చెబుతోందని భర్త మొగిలయ్య ఆనాడే తేల్చేశాడు. అప్పట్నుంచి ఆమె ఏం చెప్పినా, పప్పులో ఉప్పు గురించి చెప్పినా, పక్కింటి పెళ్లి తేదీ చెప్పినా, "నీ సినిమా లెక్కనేనా?" అని ఎవరో ఒకరు అనడం ఆనవాయితీ అయిపోయింది. దమ్మాయిగూడలో ఉండే గౌతమి తల్లి త్రిపురసుందరి అయితే వచ్చినప్పుడల్లా ఆ కథ చెప్పించుకుని మరీ నవ్వేది.

ఈ ఏడాది ఆ నవ్వు కింద ఇంకో మాట వచ్చి చేరింది. సారలమ్మ రెండుసార్లు పొయ్యి ఆర్పడం మరిచిపోయింది. ఒకరోజు తాళంచెవి ఫ్రిజ్‌లో దొరికింది. మల్లాపూర్ ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేసే సురేష్ ప్రతిదానిలోనూ లోపం వెతకడం అలవాటైన మనిషి. పొయ్యినీ తాళంచెవినీ సినిమానూ ఒకే లెక్కలో వేసి, సోమవారానికి మెదడు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. సారలమ్మ తల్లి చివరి మూడేళ్లు కన్నపిల్లలను కూడా గుర్తుపట్టలేదు. అది కళ్లారా చూసిన మనిషి కాబట్టి సారలమ్మ కాదనలేదు.

కానీ ఆ పొద్దున జడ వేసుకుంటున్న మనవరాలి పక్కన కూర్చుని ఒక మాట చెప్పింది. "ఇయ్యాల తేలిపోతది బిడ్డా. ఆయన ఇంటికొస్తే నాకు మా అమ్మ రోగమే. రాకపోతే నా బుద్ధి మంచిగనే ఉన్నట్టు."

ప్రజ్ఞ జడను సగంలోనే వదిలేసింది. నానమ్మ చెయ్యి పట్టుకుని, ఆమె మాటే నిజమవుతుందని గట్టిగా చెప్పింది. చెప్పింది కానీ ట్రైలర్ కింద వందల మంది ఆ తలుపు గురించే రాశారని ఆమెకు తెలుసు.

ఇంత జరుగుతున్నా మొగిలయ్య టీ గ్లాసు ముట్టలేదు. మల్లాపూర్‌లో బోల్టుల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన ఆయనకు ఈ సినిమా అంటే గొప్ప. ఆ రోజుల్లో ఉప్పల్ టాకీసుకూ నాచారం టాకీసుకూ కలిపి ఒకటే ప్రింటు వచ్చేది. ఉప్పల్‌లో ఒక రీలు ఆడగానే డబ్బాలో పెట్టుకుని సైకిల్ మీద నాచారం తీసుకెళ్లాలి. అక్కడ ఆట ముప్పావుగంట ఆలస్యంగా మొదలయ్యేది. డ్యూటీ లేనప్పుడు రీళ్లు మోసింది ఆయనే. ఒక్కరోజు కూడా తెర ఖాళీగా ఉండనివ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు. అలాంటి మనిషి ఆ పొద్దున మోకాళ్లు నొస్తున్నాయన్నాడు, ఎండ మస్తుగా ఉందన్నాడు, ఫోనులో వచ్చినప్పుడు చూద్దామన్నాడు. ఎవరూ వినలేదు. సారలమ్మ అప్పటికే పట్టుచీర కట్టుకుని వాకిట్లో నిలబడింది.

మల్టీప్లెక్సు ముందు జాతరే. కాలేజీ పిల్లలు వెండిరంగు కాగితాలతో హెల్మెట్లు చేసుకొచ్చారు. చేతికర్ర పట్టుకున్న తాతలు వాళ్లతో సెల్ఫీలు దిగుతున్నారు. దీపాలు ఆరి, తెర మీద పేర్లు పడగానే ఈలలతో హాలు దద్దరిల్లింది. థర్మాకోల్ రాకెట్టు పైకి లేచినప్పుడు ముందు నవ్వులు, వెంటనే చప్పట్లు. గంట గడిచేసరికి నవ్విన పిల్లలే ఊపిరి బిగబట్టారు. సారలమ్మ ప్రతి సీనూ ముందే గుసగుసగా చెబుతోంది. ఇప్పుడు గాలి అయిపోతది, ఇప్పుడు దోస్తు చచ్చిపోతడు. ఒక్కటీ తప్పలేదు. ప్రజ్ఞ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

చివరికి ఎర్రమట్టి వచ్చింది. కెప్టెన్ ఒక్కడే నిలబడ్డాడు. చెయ్యి ఊపాడు. రాకెట్టు వెళ్లిపోయింది. సారలమ్మ కుర్చీలోంచి సగం లేచి, గెలిచిన పిల్లలా మనవరాలి వైపు తిరిగింది.

తెర నల్లబడలేదు. ఎర్రమట్టి మీద ఇంకో రాకెట్టు వెలుగు దిగింది. తర్వాతి పది నిమిషాల్లో కెప్టెన్ భూమికి చేరాడు, ఒక వీధి నడిచాడు, ఒక తలుపు తట్టాడు. భార్య తీసింది. శుభం.

హాల్లో సగం మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సగం మంది కూర్చున్న చోటే తల అడ్డంగా ఊపారు. సారలమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుండిపోయింది.

బయట లాబీలో గుంపులు గుంపులుగా వాదులాట మొదలైంది. ఆ సందడి మధ్య గోడకు ఆనుకుని నిలబడ్డ సారలమ్మ కొడుకును దగ్గరికి పిలిచింది. "సోమవారం దాకా ఎందుకు కొడుకా, ఇయ్యాలనే తీస్కపో. మిమ్ములను గుర్తుపట్టే కాలంలనే సూపిస్తే జర ఆగుతదేమో."

సురేష్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పొద్దున నవ్వినవాళ్లలో తనూ ఒకడు. గౌతమి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పుడు మొగిలయ్య గుంపును తప్పించుకుని ముందుకొచ్చి భార్య ఎదురుగా నిలబడ్డాడు.

"నీకే రోగం లేదు సారలా. నువ్వు చూసిన సిన్మా గంతనే ఉండె. ఆఖరి రీలు నేను తేలే."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే చెప్పుకుపోయాడు. "ఆ ఆదివారం మ్యాట్నీకి ఒక్కతీరు వాన. డబ్బాల మీద చాక్‌పీసు నంబర్లు కారిపోయినయి. నువ్వు లోపల కూసున్నవని, ఆలస్యమైతే నా పరువు పోతదని, చేతికందిన డబ్బా పట్టుకొని తొక్కిన. నాచారంల ఇప్పి చూస్తే అండ్ల నాలుగో రీలున్నది. జనం కుర్సీలు ఎత్తేస్తున్నరు. ఆపరేటర్ శుభం అని స్లైడ్ ఏసి లైట్లు పెట్టేసిండు."

సురేష్ తండ్రిని రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. అమ్మను ఓదార్చడానికి ఇప్పటికిప్పుడు కథలల్లొద్దని, ఇలాంటి మాటలతోనే జబ్బు ముదురుతుందని కోప్పడ్డాడు. మొగిలయ్య అదే నిజమని మళ్లీ చెప్పాడు. నిజమైతే నలభై ఏళ్లు ఎందుకు చెప్పలేదని కొడుకు అడిగితే ఆయన భార్య వైపే చూశాడు. సారలమ్మ కూడా నమ్మలేదు.

"నా మీద ప్రేమతోని అబద్ధమాడుతున్నవ్," అంది జాలిగా. "ఒద్దయ్యా. నాకు ధైర్యమున్నది."

మొగిలయ్య నిలువునా నీరైపోయాడు. నలభై ఏళ్లు ఆయన అబద్ధాన్ని ఆ ఇల్లు నమ్మింది. నిజం చెప్పిన రోజున మాత్రం నమ్మే మనిషి లేడు. ఆయన కళ్లవెంట నీళ్లు కారాయి, తుడుచుకోలేదు.

సరిగ్గా అప్పుడే పాప్‌కార్న్ కౌంటర్ దగ్గర్నుంచి ఒక ముసలి గొంతు లాబీ అంతా వినిపించింది. వెండి హెల్మెట్ కుర్రాడొకడు ఎవరితోనో వాదిస్తున్నాడు. ఆవిడ తగ్గడం లేదు.

"నాకు చెప్పకు బిడ్డా. గిది కాదు నేను చూసిన సిన్మా. ఆయన రాలే. మట్టి మీదనే ఉండిపోయిండు. మేం నలుగురం ఏడ్సుకుంట ఇంటికి పోయినం."

సారలమ్మ తల తిప్పింది. ఒకప్పుడు వాళ్ల గోడ పక్క ఇంట్లో ఉండి, ఆ సినిమా చూసిన వారానికే చెంగిచెర్లకు మారిపోయిన రాములమ్మ. ఆ ఆదివారం కొత్త కోడలు సారలమ్మను చెయ్యి పట్టుకుని సినిమాకు తీసుకుపోయింది ఆమే. మిగతా ఇద్దరూ రాములమ్మ ఇంటికొచ్చిన చుట్టాలు, ఇప్పుడు లేరు.

ప్రజ్ఞ పరుగెత్తుకెళ్లింది. ఆ సినిమా ఎక్కడ, ఏ ఆట చూశారని అడిగింది. రాములమ్మ తడుముకోలేదు. నాచారం టాకీసు, ఆదివారం మ్యాట్నీ, బయట ఒకటే వాన.

సారలమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఇన్ని నెలలుగా గుండెలో పెట్టుకున్న భయమంతా ఆ ఏడుపులో బయటికొచ్చింది. రాములమ్మ గుర్తుపట్టి వచ్చి వాటేసుకుంది. ఏడుపు తగ్గాక సారలమ్మ భర్త వైపు తిరిగింది. ఇప్పుడు కళ్లలో జాలి లేదు.

"నలభై ఏండ్లు నన్ను నవ్వులపాలు జేసినవ్."

"ఓనర్‌కు తెలిస్తే ఇద్దరం పోతమని ఆపరేటర్ ఒట్టేయించుకున్నడు," అన్నాడు మొగిలయ్య. "ఇంటికొస్తే నువ్వు ఆ కెప్టెన్ కోసం ఒకటే ఏడుస్తున్నవ్. నిద్రపోయినవే, ఆయన ఇంటికొచ్చిండు అన్న. నువ్వు ఊకున్నవ్. మర్నాడు చెప్తమనుకున్న. ఎన్ని దినాలైతే గంత కష్టమైంది. నేను పిరికోన్ని సారలా."

"నేను నవ్విన గదా అమ్మా," అన్నాడు సురేష్ తలొంచుకుని. "సోమవారం డాక్టర్‌కు ఒద్దని చెప్తా."

"ఉండనీ," అంది సారలమ్మ ముక్కు తుడుచుకుంటూ. "మీ నాయిన్ను తీస్కపో. ఒక్క ముచ్చట చెప్పనీకి నలభై ఏండ్లు మర్సిపోయిండు."

ముందు రాములమ్మ నవ్వింది, తర్వాత గౌతమి. చివరికి సురేష్ కూడా కన్నీళ్లతోనే నవ్వాడు. అప్పటికి వాళ్ల చుట్టూ పాతిక మంది చేరారు. వెండి హెల్మెట్ కుర్రాడు నాచారం క్లైమాక్సే బాగుందన్నాడు. అతని దోస్తు ఒప్పుకోలేదు. మళ్లీ మొదలైంది గొడవ. ప్రజ్ఞ ఫోను పైకెత్తి, రెండు క్లైమాక్సులూ చూసిన మనిషి తీర్పు చెప్పాలని నానమ్మను అడిగింది.

సారలమ్మ కొంగు సర్దుకుంది. అంతమంది తన మాట కోసం ఆగడం ఆమెకు ఇదే మొదటిసారి.

"తలుపు తీసుడు కూడ మంచిగనే ఉన్నది. పాపం, ఆయన భార్య సంబురపడ్డది. కానీ నాకు నాదే మంచిగనిపిస్తది. మట్టి మీద ఒక్కడే మిగిలినోన్ని ఎవలో ఒకలు యాదికుంచుకోవాలె గద. నేను ఉంచుకున్న."

ఈసారి చప్పట్లలో సగం సగం లేదు.

సాయంత్రం ఎండ తగ్గాక మొగిలయ్య స్కూటర్ తీశాడు. నవ్విన ప్రతి ఇంటికీ వెళ్లి ఆయన నోటితోనే చెప్పాలన్నది సారలమ్మ వేసిన శిక్ష. అందరికన్నా ఎక్కువ నవ్వింది దమ్మాయిగూడ వాళ్లు కాబట్టి మొదట అక్కడికే. ఆయన చెప్పింది సరిగా ఉందో లేదో చూడటానికి ఆమె అదే పట్టుచీరలో వెనక కూర్చుంది. మల్లాపూర్ దాటాక గుంతలో బండి ఎగిరితే ఆమె చెయ్యి ఆయన భుజం మీద పడింది. తర్వాత తీయలేదు.

మొగిలయ్య తలుపు తట్టాడు. త్రిపురసుందరి తీసింది. వియ్యంకుల వాలకం చూసి ఏమైందని అడిగింది.

"సిన్మా గురించి ఒక మాట చెప్పాలె చెల్లే," అన్నాడు మొగిలయ్య. "తప్పు సారలది కాదు, నాది."

సారలమ్మ ఆయన పక్కనే నిటారుగా నిలబడి, మొదటి నుంచి చెప్పమంది.