బీరువా అనకండి

"ఓ సేఫ్ కొనుక్కురావాలి," అన్నాడు మామయ్య.

డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చుట్టరికాలే కోడ్ పేర్లు. చీఫ్ మామయ్య, ఏజెంట్ మేనల్లుడు. సొంత మామయ్యలను ఏనాడూ లెక్కచేయని మేనల్లుడికి ఈ మామయ్య ముందు మాత్రం కుర్చీలో కూర్చోవడానికి కూడా జంకు.

బ్రీఫింగ్ చిన్నదే. సేఫ్‌ల షోరూమ్ నడిపే ఇంజనీరు ఒక విదేశీ ముఠాకి నాయకుడు. నౌకాదళం వైర్‌లెస్ ఆఫీసు కోసం తయారైన సేఫ్ తలుపులో ట్రాన్స్‌మిటర్ దాచి, బయటి హ్యాండిల్‌నే దానికి ఏరియల్ చేశాడు. అది ఇవాళే లారీ ఎక్కుతుంది. ఆఫీసులోకి చేరిందంటే అక్కడి ప్రతి మాటా సరిహద్దు దాటిపోతుంది. ఆ సేఫ్ వద్దని నౌకాదళం ముందే కబురు పెడితే ముఠా మాయమవుతుంది. అందుకని కొనుగోలుదారు వేషంలో వెళ్లి, లారీ దగ్గర రెడ్ హ్యాండెడ్‌గా పట్టుకుని, వాచీలో సిగ్నల్ ఇవ్వాలి. స్క్వాడ్ వీధి మలుపులో ఉంటుంది.

"లోపల మన మనిషి ఉంది. కోడ్ పేరు వదిన," అన్నాడు మామయ్య.

"గుర్తుపట్టడమెలా?"

"ఎవరు నిన్ను ఏడిపిస్తే ఆవిడే."

మందుల కంపెనీ పర్చేజ్ మేనేజర్‌గా, అంటించుకున్న మీసంతో షోరూమ్‌లో అడుగుపెట్టాడు మేనల్లుడు. ముదురు ఎరుపు చీరలో, నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని ఓ సేల్స్ మేనేజర్ ఎదురొచ్చింది. అంత అందగత్తెకి ఇనుముతో ఏం పని అనుకున్నాడు. మంచి బీరువా చూపించమన్నాడు.

ఆవిడ ముఖం మాడిపోయింది.

"బీరువా అనకండి. బట్టలు పెట్టుకునేది బీరువా. ఇది సేఫ్."

ఇక పాఠం మొదలైంది. నిప్పుకి ఆగే పెట్టె వేరు, దొంగకి ఆగే పెట్టె వేరట. మొదటిదానికి తలుపు ఘనంగా ఉంటుంది గానీ వీపు పల్చటి రేకు, మధ్యలో సుద్ద. కాగితాలు కాలవు, దొంగ మాత్రం వెనకనుంచి వచ్చేస్తాడు. రెండోదాన్ని డ్రిల్లుతో, కట్టర్‌తో పరీక్షించి రేటింగ్ ఇస్తారు. తలుపులో ఓ గాజుపలక ఉంటుంది. అది పగిలిందా, గడియలన్నీ బిగుసుకుపోతాయి. తేలికపాటిదైతే నేలకి బోల్టులు వేయాలి, లేకపోతే దొంగలు పెట్టెతో సహా ఎత్తుకుపోతారు. మేనల్లుడు ఆవలింత ఆపుకోలేకపోయాడు. చూపంతా గోడౌన్ తలుపు మీదే ఉంది.

స్టాకు చూపిస్తానని ఆవిడే గోడౌన్‌లోకి తీసుకెళ్లింది. అక్కడ అతనికి కావలసిందే కనబడింది. వెనక షట్టర్ దగ్గర లారీ, దాని మీద బరువులెత్తే వించ్ గొలుసుకి వేలాడుతున్న నల్లటి సేఫ్. చెయ్యి వాచీ మీదికి పోయింది. ఇంతలో ఆవిడ గోడౌన్ మధ్యలో, షెల్ఫులు తీసేసి ఉన్న ఓ నడుమెత్తు పెట్టె తెరిచి, లోతు చూడమంది. అనుమానం రాకూడదని వంగాడు. వీపు మీద ఒక్క తోపు. వెనక తలుపు ధడేలుమంది, హ్యాండిల్ తిరిగింది.

చిమ్మచీకటి. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. వాచీ నొక్కాడు. ఇనుములోంచి సిగ్నల్ పోతే కదా! జేబులో మత్తుగ్యాస్ పెన్ను ఉంది. ఇక్కడ నొక్కితే ముందు పడిపోయేది తనే. పీల్చిన గాలే మళ్లీ పీలుస్తున్నట్టుంది. మీసం చెమటకి ఊడి నోట్లోకొచ్చింది. భయమేసింది. నిజంగా, చిన్నపిల్లాడిలా భయమేసింది. చీరా కళ్లద్దాలూ చూసి మోసపోయినందుకు తనను తానే తిట్టుకున్నాడు.

బయట ఇంజనీరు గొంతు సన్నగా వినబడింది. వాడు బయటపడడు కదా అని అడుగుతున్నాడు.

"ఈ బీరువాలోంచా?" ఆవిడ గట్టిగా నవ్వింది. "ఎంత మంచి బీరువా అనుకున్నారు సార్ ఇది!"

మేనల్లుడికి ఒళ్లు మండింది. నన్ను అనొద్దని తనెలా అంటుంది? అంతలో ఊపిరి బిగబట్టాడు. నోరు జారి అనే మనిషి కాదు. అందులోనూ రెండుసార్లు.

వదిన!

అంటే ఇది సేఫ్ కాదు. నిప్పుకి ఆగే పెట్టె, దొంగకి ఆగేది కాదు. పాఠంలో విన్న నాలుగు ముక్కలూ తడుముకున్నాడు. తలుపు ఘనం, వీపు రేకు. బయట వించ్ గొలుసు గలగలమనగానే తలుపుకి నడుం ఆనించి, రెండు కాళ్లూ ఎత్తి పెట్టె వీపు మీద తన్నాడు. సుద్ద రాలింది. మళ్లీ తన్నాడు. కళ్లు బైర్లు కమ్ముతుండగా రేకు అంచు ఊడింది, సన్నగా వెలుతురూ గాలీ వచ్చాయి.

నెత్తి నుంచి పాదాల దాకా సుద్దతో తెల్లగా బయటపడ్డ మనిషిని చూసి వించ్ దగ్గరున్నవాడు దయ్యమని పారిపోయాడు. సేఫ్ లారీకి జానెడు ఎత్తులో ఉంది. మేనల్లుడు వించ్ హ్యాండిల్ గిర్రున తిప్పి దాన్ని పైకంటా లేపి, వించ్ బ్రేకు వదిలేశాడు. సేఫ్ లారీ అడుగును చీల్చుకుని నేలకి దిగబడింది. ఇంజనీరు పిస్టల్ తీశాడు. అతని చెవి వెనక మరో పిస్టల్ ఆనింది.

"కదలకండి సార్," అంది వదిన. "మీ వారంటీ అయిపోయింది."

ఈసారి వాచీ పలికింది. స్క్వాడ్ ఇంజనీరుకి బేడీలు వేసింది.

"తోసే ముందు ఒక్క ముక్క చెప్పొచ్చుగా వదినా?"

"ఆయన మీ వెనకే పిస్టల్‌తో వస్తున్నాడు. లోపల పెట్టకపోతే కాల్చేసేవాడు. మిగతాదంతా ముందే చెప్పాను, మీరు ఆవలిస్తున్నారు."

మామయ్య వచ్చి సాక్ష్యం బయటికి తీయమన్నాడు. తాళాలు తెచ్చారు, డ్రిల్లు తెచ్చారు, చివరికి ఇంజనీరునే బతిమాలారు. పడ్డ దెబ్బకి లోపల గాజుపలక పగిలి గడియలు బిగుసుకున్నాయి. వదిన ముఖంలో గర్వం దాగలేదు.

"పోనీలే," అన్నాడు మామయ్య, సేఫ్ మీద మోచెయ్యి ఆనించి. "ఇక మన తర్వాతి ఆపరేషన్ ఏమిటంటే..."

వదిన చప్పున ఆయన నోరు మూసింది.

"కాస్త అటు వెళ్లి చెప్పండి మామయ్యా. అది ఇంకా వింటోంది."