పసరు మరక

శృతి చనిపోలేదు. కాని ఒంటి మీద తోలు నిలవడం లేదు.

మహబూబాబాద్ దవాఖానలో ఆమె మంచం పక్కన నిలబడి ఎస్సై విజయ కట్టుగుడ్డను చూసింది. ఆకుపచ్చ మరక.

కంప్లైంట్ ఇచ్చింది శృతి తల్లి శోభారాణి. బయ్యారం నుంచి వచ్చింది. పెద్దవంగరలో అత్త భద్రమ్మే ఏదో పసరు పూసి బిడ్డను ఈ గతికి తెచ్చిందట. భద్రమ్మ వరండాలో కూర్చుంది. పూయలేదంది. కొంగుకున్న తాళాల గుత్తి తడుముకుంది.

విజయకు రెండు రోజులుగా నిద్ర లేదు. అత్తాకోడళ్ల కేసులు రాసి రాసి విసుగొచ్చింది. భద్రమ్మను జీపెక్కిస్తే పని అయిపోతుంది.

"గీ కట్టు ఎప్పుడు కట్టిన్రు?" నర్సు లతను అడిగింది.

"పొద్దుగాలనే మేడం. కొత్తది."

కొత్త కట్టు. మరి దవాఖానలో పసరు పూసిందెవరు?

ఎవరూ పూయలేదన్నాడు డాక్టర్ మిథున్. ఆ రంగు చీముది. తోలు ఊడిన చోట బాక్టీరియా చేరింది. తోలు ఊడింది మాత్రం ఏదో మందు పడక. గోళీలేవీ వేసుకోలేదని ఇంటివాళ్లు చెప్పారు.

"ఇక్కడ ఇచ్చే మందులన్నీ మార్చి చూసినం. అయినా రోజూ కొత్త బొబ్బలొస్తున్నయి. ఆ మందు ఇంకా లోపలికి పోతనే ఉంది మేడం. ఆపకపోతే బతకది."

ఇంకా పోతోందంటే, ఇచ్చేవాళ్లు ఇక్కడే ఉన్నారు.

శృతి నోరంతా పుండు. జావ తప్ప దిగదు. జావ తాగించేది శోభారాణి ఒక్కతే. ఆ సమయంలో ఎవరినీ దగ్గరికి రానివ్వదు.

విజయ అందరినీ వరండాలోకి పిలిచింది. శోభారాణి బొడ్లో చిన్న వక్కల సంచి దోపి ఉంది.

"అక్కా, వక్కలు నములుతవా?"

శోభారాణి చెయ్యి బొడ్లోని సంచి మీదికి పోయింది. ఎప్పటి నుంచో అలవాటేనంది.

"పొద్దుగాల్నుంచి చూస్తున్న. ఊకె సంచి తడుముకుంటున్నవ్. ఒక్క పలుకు నోట్లె ఏస్కోలే. నీ పండ్లు నా పండ్ల కన్న తెల్లగున్నయి. జర తియ్యి."

సంచిలో వక్కలు లేవు. గోళీల పట్టీ ఉంది. మిథున్ పట్టీ మీది పేరు చదివి కళ్లు మూసుకున్నాడు. మూర్ఛ మందు. ఇదే.

శోభారాణి అంతా చెప్పేసింది. పోయిన నెల పుట్టింటికొచ్చినప్పుడు బిడ్డకు మూర్ఛ తిరగబెట్టింది. అక్కడి డాక్టరు కొత్త మందు రాశాడు. పెండ్లప్పుడు దాచిన జబ్బు. అత్త ముందు బయటపడకూడదని ఆ గోళీ జావలో నూరి కలుపుతోంది.

"తెలిస్తె ఎల్లగొడ్తరని..."

భద్రమ్మ కొంగుకున్న తాళాల గుత్తి విప్పి చేతిలోకి తీసుకుంది.

"పోయిన ఎండకాలమే నా ముంగట పడ్డది వదినె. ఇనుపయి గదా అని గీ తాళాలే చేతుల వెట్టి, లేచేదాంక పక్కన కూసున్న. నువ్వు దాస్తున్నవని నాకెరుకే. పరువు పోతదని డాక్టరుకు నేను గూడ చెప్పలే."

విజయ కంప్లైంట్ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఏ సెక్షన్ వేయాలో తోచలేదు.

మూడో రోజు లత ఫోన్ చేసింది. కొత్త బొబ్బలు రాలేదట. కట్టు మాత్రం ఇంకా పచ్చగానే దిగుతోందట. జావ భద్రమ్మ తాగిస్తోందట.